ఒక దేశంలో జరిగిన చిత్రహింసపై మరొక దేశపు కోర్టు ఏ అధికారంతో తీర్పు చెబుతుంది?

సాగరతీరం (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో న్యాయశాస్త్రం నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాల మూట్ కోర్టు (విద్యార్థులు న్యాయవాదులుగా నిలబడి వాదించే నమూనా కోర్టు) పోటీకి ఇచ్చిన సమస్య స్థూలంగా ఇది. ఒక దేశపు పోలీసు అధికారి తన దేశంలోనే, తన దేశస్థుడైన ఒక యువకుణ్ణి చిత్రహింసలు పెట్టి చంపాడు. కొన్నేళ్ళ తరువాత అతడు వేరొక దేశానికి వెళ్ళి అక్కడ కాపురం పెట్టగా, మృతుని కుటుంబం ఆ రెండో దేశపు సివిల్ కోర్టులో నష్టపరిహారం కోరుతూ దావా వేసింది. ఆ రెండో దేశం ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించింది గాని, ఇటువంటి దావాల కోసం ప్రత్యేకంగా చట్టమేదీ చేయలేదు. నేను వాదుల పక్షాన వాదించాలి.

మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 19, 20 సెక్షన్లు చదివిన అలవాటు కొద్దీ, ప్రతివాది నివసించే చోట దావా వేయవచ్చు కదా, ఇందులో చిక్కేముందని మొదట అనుకున్నాను. మా అధ్యాపకులు మాత్రం ఇటువంటి కేసుల్లో చిత్రహింస జరిగిందా లేదా అన్న ప్రశ్న దాకా కోర్టు రావడమే అరుదనీ, చాలా దావాలు గడప దగ్గరే కూలిపోతాయనీ అన్నారు. ఎందుకు కూలిపోతాయి? అసలు ఇది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళవలసిన వ్యవహారం కాదా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాత వకీలు, విజయవాడ:

ముందుగా హేగ్ సంగతి ముగించి అసలు విషయానికి వస్తాను. అంతర్జాతీయ న్యాయస్థానంలో వాది, ప్రతివాది ఇద్దరూ రాజ్యాలే అయి ఉండాలి. కులభూషణ్ జాధవ్ వ్యవహారంలో 2019 జులైలో తీర్పు వచ్చినప్పుడు కూడా అక్కడ కేసు వేసింది ఆయన గాని, ఆయన కుటుంబం గాని కాదు, భారతదేశం. ప్రశ్న కూడా రాయబార కార్యాలయం వారిని ఖైదీని కలవనివ్వాలన్న 1963 నాటి వియన్నా ఒప్పందాన్ని పాకిస్తాన్ ఉల్లంఘించిందా అన్నదే. మీ సమస్యలోని కుటుంబానికి ఆ తలుపు లేదు.

మీకు ఇచ్చిన సమస్య ఊహించి రాసినది కాదు, నిజంగా జరిగినదాని నుంచే తీసుకున్నారు. 1976 మార్చిలో పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో జోయెలితో ఫిలార్తిగా అనే 17 ఏళ్ళ కుర్రవాణ్ణి చిత్రహింసలు పెట్టి చంపారు. అతని తండ్రి వైద్యుడు, నియంత స్త్రోస్నర్‌కు బహిరంగ వ్యతిరేకి. ఆ నగర పోలీసు విభాగంలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న పెన్యా ఇరాలాయే ఈ పని చేశాడని కుటుంబం ఆరోపించింది. పరాగ్వేలో తండ్రి క్రిమినల్ కేసు పెడితే, ఆయన తరఫు న్యాయవాదినే అరెస్టు చేసి బెదిరించారని తరువాత అమెరికాలో వేసిన దావాలో చెప్పుకున్నారు. 1978లో అక్క డాలీ అమెరికా వెళ్ళి రాజకీయ ఆశ్రయం కోరింది. అదే ఏడాది పెన్యా కూడా సందర్శక వీసాతో వచ్చి, గడువు దాటినా బ్రూక్లిన్‌లో ఉండిపోయాడు. ఆ కబురు డాలీకి చేరింది. వలస అధికారులు అతణ్ణి పట్టుకొని, దేశం నుంచి పంపించే ముందు నిర్బంధంలో ఉంచినప్పుడు, అక్కడే అతనికి దావా సమన్లు అందించారు.

ఇప్పుడు మీ 20వ సెక్షన్ దగ్గరకు వద్దాం. ప్రతివాది దొరికాడు సరే, అమెరికాలోని ఫెడరల్ కోర్టుకు ఆ విషయాన్ని విచారించే అధికారం ఉండాలి కదా? 1789లో వారి తొలి కాంగ్రెస్ చేసిన చట్టంలో ఒక వాక్యం ఉంది: దేశాల మధ్య చెల్లే న్యాయాన్ని గాని, అమెరికా చేసుకున్న ఒప్పందాన్ని గాని ఉల్లంఘించి చేసిన అపకృత్యంపై విదేశీయుడు వేసే సివిల్ దావాను ఫెడరల్ జిల్లా కోర్టులు విచారించవచ్చు. దాదాపు రెండు శతాబ్దాలు ఆ వాక్యాన్ని పట్టించుకున్నవారే తక్కువ. మొదట జిల్లా కోర్టు, ఒక రాజ్యం తన పౌరుని పట్ల ఎలా వ్యవహరించిందన్నది దేశాల మధ్య న్యాయానికి సంబంధించిన విషయం కాదంటూ దావా కొట్టివేసింది. 1980 జూన్ 30న న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ అప్పీలు కోర్టులో న్యాయమూర్తి కౌఫ్‌మన్ ఆ తీర్పును తిరగరాశారు. ఐక్యరాజ్యసమితి ప్రకటనలను, 55కు పైగా దేశాల రాజ్యాంగాలు చిత్రహింసను నిషేధిస్తున్న సంగతిని, అందులో పరాగ్వే రాజ్యాంగం కూడా ఉన్న సంగతిని ఆయన వరుసగా పేర్చి, చిత్రహింస పెట్టేవాడు వెనుకటి సముద్రపు దొంగలాగా, బానిసల వ్యాపారిలాగా మానవజాతి మొత్తానికి శత్రువని రాశారు. మీ మూట్‌కు ఆ తీర్పులో మరొక మాట ఇంకా ముఖ్యం. ఇది రాజ్యం చేసిన పని గనుక పరాయి కోర్టు తాకరాదని పెన్యా తరఫువారు అన్నప్పుడు, తన దేశపు రాజ్యాంగమే నిషేధించిన పనిని, ప్రభుత్వం తనదిగా ఒప్పుకోని పనిని, రాజ్యకార్యం అనగలమా అని కోర్టు సందేహించింది.

ఇక తరువాతి కథ. పెన్యా 1979లోనే స్వదేశానికి వెళ్ళిపోయాడు. 1984లో జిల్లా కోర్టు కోటీ 3 లక్షల 85 వేల డాలర్లకు పైగా ఇవ్వాలని డిక్రీ ఇచ్చింది. జప్తు చేయడానికి అక్కడ అతని ఆస్తి లేదు, పట్టుకోవడానికి మనిషీ లేడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న సామెత మన తాలూకా కోర్టులకే పరిమితం కాదని అప్పుడు నాకు అనిపించింది. ఈ సివిల్ దావాలకు ఉన్న విలువ అధికారికమైన ఒక నిర్ధారణకు మించి పెద్దగా లేదని నా అభిప్రాయం.

హడ్సన్ ఒడ్డు, న్యూజెర్సీ:

పాత వకీలు గారు చెప్పిన కథ సరైనదే గాని, అక్కడ ఆపితే ఈ విద్యార్థి పోటీలో ఇబ్బంది పడతారు. ఎదుటి పక్షం 1980 తీర్పు జోలికి పోదు, 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కియోబెల్ తీర్పును తెచ్చి బల్ల మీద పెడుతుంది. నైజీరియాలోని ఒగోనీ ప్రాంతం వారు, తమ మీద అక్కడి సైన్యం జరిపిన దౌర్జన్యాలకు షెల్ సంస్థలు సహకరించాయని వేసిన దావా అది. అమెరికా చట్టం అమెరికా సరిహద్దుల లోపలే వర్తిస్తుందన్న ఊహతో మొదలుపెట్టాలనీ, ఆ ఊహను తోసివేసేంత బలంగా ఆ వ్యవహారం అమెరికా గడ్డను తాకితే తప్ప 1789 చట్టం కింద దావా నిలవదనీ సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో విదేశీ కంపెనీలను ఆ చట్టం పరిధి నుంచి పూర్తిగా తప్పించింది. 2021లో ఐవరీ కోస్ట్ కోకో తోటల్లో బాల్యంలో బానిసలుగా పనిచేశామన్నవారు నెస్లే అమెరికా శాఖ మీద, మరొక సంస్థ మీద వేసిన దావాలో, కంపెనీ సాధారణ నిర్ణయాలు అమెరికాలో జరగడం చాలదని తేల్చింది. తలుపు మూయలేదు గాని, ఒక మనిషి పక్కకు తిరిగి దూరవలసినంత సందు మాత్రమే మిగిల్చారు.

అయినా ఆ సందులోంచి వెళ్ళినవారు ఉన్నారు. అబూ గ్రైబ్ జైలులో హింసకు గురైన ముగ్గురు ఇరాకీలు ఒక అమెరికన్ కాంట్రాక్టు సంస్థ మీద 2008లో వేసిన దావాలో, ఎన్నో అప్పీళ్ళ తరువాత 2024 నవంబరులో వర్జీనియా జ్యూరీ 4 కోట్ల 20 లక్షల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. ఆ సంస్థ అమెరికాదే, కాంట్రాక్టూ అమెరికా ప్రభుత్వానిదే కాబట్టి కియోబెల్ అడ్డుగోడను వాదులు దాటగలిగారు. పదహారేళ్ళు పట్టింది, నిజమే. కానీ ప్రతివాదికి ఇక్కడ ఆస్తులున్నాయి. అందుకే సివిల్ దావా విలువ కాగితం మీది నిర్ధారణ మాత్రమేనన్న పాత వకీలు గారి అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. అది ప్రతివాది ఎవరన్న దాని మీద ఆధారపడి ఉంటుంది: పారిపోయే పోలీసు అధికారి సంగతి వేరు, ఇక్కడే నమోదై ఉండే కంపెనీ సంగతి వేరు.

సాగరతీరం గారూ, మీ సమస్యకు బాగా ఉపయోగపడే దారి ఇంకొకటి ఉంది. అరటిపండ్ల వ్యాపార సంస్థ చికీటా కొలంబియాలోని ఒక సాయుధ ముఠాకు డబ్బు ఇచ్చిందని 2007లో నేరం ఒప్పుకొంది. ఆ ముఠా చంపినవారి కుటుంబాలు దావాలు వేస్తే, 1789 చట్టం కింద వేసిన భాగాన్ని అప్పీలు కోర్టు 2014లో కొట్టివేసింది. అంతటితో కథ ముగిసిందని చాలామంది అనుకున్నారు. కానీ వాదులు కొలంబియా దేశపు సొంత సివిల్ చట్టాన్నే ఆధారం చేసుకొని కొనసాగారు. 2024 జూన్‌లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టులో జ్యూరీ కొలంబియా చట్టం ప్రకారమే కంపెనీని బాధ్యురాలిగా తేల్చి, 3 కోట్ల 83 లక్షల డాలర్లు చెల్లించమంది. మీ సమస్యలో ప్రత్యేక చట్టం లేదన్నారు కదా. చిత్రహింస పెట్టి చంపడం ఆ మొదటి దేశపు మామూలు చట్టం ప్రకారం కూడా పరిహారం చెల్లించవలసిన తప్పే అయి ఉంటుంది. అంతర్జాతీయ న్యాయం అన్న మాట ఎత్తకుండానే, అపకృత్యం చేసినవాని వెంట బాధ్యత కూడా నడుస్తుందన్న పాత సూత్రం మీద వాదనలో సగం నిలబెట్టవచ్చు.

లండన్ పాఠకుడు:

పైవారు ఇద్దరూ పరిధి గురించే, అంటే కేసు వినే అధికారం కోర్టుకు ఉందా అన్న దాని గురించే మాట్లాడారు. మీ సమస్యలో అసలు గండం వేరే చోట ఉందని నేను అనుకుంటున్నాను: విదేశీ అధికారికి ఉండే రక్షణ. ఒక రాజ్యాన్ని మరొక రాజ్యపు కోర్టు బోనెక్కించరాదన్నది పాత నియమం. ఆ రాజ్యం తరఫున పనిచేసిన అధికారి మీద దావా వేస్తే, అది రాజ్యం మీద వేసినట్టే అవుతుందా? ఇంగ్లండు న్యాయస్థానాలు ఈ ఒక్క ప్రశ్నకు ఏడేళ్ళ తేడాలో రెండు రకాల సమాధానాలు చెప్పాయి.

1998 అక్టోబరులో చిలీ మాజీ నియంత పినోషే లండన్ ఆస్పత్రిలో ఉండగా, స్పెయిన్ న్యాయమూర్తి గార్జోన్ పంపిన వారెంటు మీద అరెస్టయ్యాడు. అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ మొదట 3-2 తేడాతో అతనికి రక్షణ లేదన్నది. తీర్పు చెప్పిన వారిలో ఒకరైన లార్డ్ హాఫ్‌మన్‌కు మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌తో ఉన్న సంబంధం బయటపడగా, ఆ సంస్థ కూడా ఆ కేసులో వాదన వినిపించినందున, తీర్పును రద్దుచేసి మళ్ళీ విన్నారు. 1999 మార్చి 24న రెండోసారి 6-1 తేడాతో రక్షణ లేదనే అన్నారు, కానీ 1988 డిసెంబరు 8 తరువాత జరిగిన చిత్రహింసలకు మాత్రమే. ఆ తేదీనే ఎందుకంటే, బ్రిటన్ ఒప్పందానికి కట్టుబడినది ఆనాటి నుంచే. పినోషే పాలన 1973లో మొదలైంది. ఘోరమైన ఏళ్ళన్నీ ఆ ఒక్క తేదీతో లెక్కలోంచి జారిపోయాయి. చివరకు అనారోగ్యం పేరు మీద 2000 మార్చిలో హోం మంత్రి అతణ్ణి స్వదేశానికి వెళ్ళనిచ్చాడు.

ఇక రెండో సమాధానం. సౌదీ అరేబియాలో తమను చిత్రహింసలు పెట్టారని కొందరు బ్రిటిష్ పౌరులు అక్కడి అధికారుల మీద లండన్‌లో సివిల్ దావా వేశారు. అప్పీలు కోర్టు 2004లో అధికారుల మీద దావా నడవవచ్చన్నది. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దానిని తిప్పికొట్టింది: నేర విచారణకు పినోషే తీర్పు వర్తిస్తుంది, సివిల్ దావాకు వర్తించదు; 1978 నాటి స్టేట్ ఇమ్యూనిటీ చట్టం రాజ్యానికి ఇచ్చిన రక్షణ దాని అధికారులకూ వర్తిస్తుంది. దీనినే జోన్స్ కేసు అంటారు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2014లో దానిని సమర్థించింది. అంతకు ముందు 2001లో, కువైట్ మీద అల్ అద్సానీ వేసిన దావా విషయంలో అదే న్యాయస్థానం 9-8 తేడాతో, అంటే ఒక్క ఓటుతో, రాజ్యానికే మొగ్గు చూపింది.

ఇందులోని వింత గమనించండి. ఒప్పందం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అధికార హోదాలో ఉన్నవాడు చేస్తేనో, చేయిస్తేనో, చూసీ ఊరుకుంటేనో అది చిత్రహింస అవుతుంది. అధికార హోదాలో చేశాడు గనుక రక్షణ ఉందంటే, నిర్వచనమే నిందితునికి కవచమైపోతుంది. సొంతంగా చేశాడు గనుక రక్షణ లేదంటే, అది నిర్వచనం ప్రకారం చిత్రహింసే కాకుండా పోతుంది. పినోషే తీర్పులో న్యాయమూర్తులు ఈ ముడి విప్పగలిగారు. జోన్స్ తీర్పులో విప్పడానికి ఇష్టపడలేదు. ఎదుటి పక్షం జోన్స్ కేసుతోనే మొదలుపెడుతుంది, దానికి మీ దగ్గర సమాధానం ఉండాలి. కౌఫ్‌మన్ లేవనెత్తిన ఆ సందేహాన్నీ, 2001 నాటి ఆ ఎనిమిదిమంది భిన్నాభిప్రాయాలనూ కలిపి ఒక వాదనగా అల్లమని నా సలహా.

హైకోర్టు మెట్లు, హైదరాబాద్:

చర్చ బాగుంది గాని, పోటీలో న్యాయమూర్తులుగా కూర్చునేది మనవాళ్ళే గనుక, భారతదేశంలో ఇదే దావా వేస్తే ఏమవుతుందని తప్పక అడుగుతారు. సిద్ధంగా ఉండండి.

చిత్రహింస వ్యతిరేక ఒప్పందంపై భారతదేశం 1997 అక్టోబరులో సంతకం చేసింది, ఇంతవరకు ఆమోదించలేదు. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ఆమోదించమని సిఫారసు చేసింది. ఆమోదించినా పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఒప్పందం దానంతట అది కోర్టులో అమలు కాదు. అయితే మన సుప్రీంకోర్టు ఒప్పందాలను పక్క తలుపు నుంచి లోపలికి తెచ్చిన సందర్భాలు తక్కువేమీ కావు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో, బ్యాంకు బాకీ కట్టలేనివానిని సివిల్ జైలుకు పంపవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. భారతదేశం అంతకు ముందు ఏడాదే పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. కేవలం బాకీ తీర్చలేకపోయినందుకు ఎవరినీ ఖైదు చేయరాదని దాని 11వ అధికరణం అంటుంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఒడంబడిక ఇక్కడ నేరుగా చట్టం కాదని ఒప్పుకుంటూనే, సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను దాని వెలుగులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం వెలుగులోనూ చదివి, డబ్బు ఉండీ దురుద్దేశంతో ఎగవేసేవానికే జైలు అన్నారు. 1993లో నీలావతి బెహరా కేసులో ఒడిశా పోలీసుల నిర్బంధంలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి లక్షా 50 వేల రూపాయలు ఇప్పించినప్పుడు కూడా కోర్టు అదే ఒడంబడికను ఉటంకించింది. అక్రమ నిర్బంధానికి పరిహారం హక్కుగా ఇవ్వాలన్న అందులోని నిబంధనకు చేరేటప్పుడే భారత ప్రభుత్వం మినహాయింపు పెట్టుకున్నా సరే. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల గురించి 1997లో వచ్చిన విశాఖ తీర్పు సంగతి మీకు తెలిసినదే.

కానీ ఇవన్నీ మన గడ్డ మీద మన రాజ్యం చేసిన, లేదా చేయకుండా వదిలేసిన పనులకు సంబంధించినవి. విదేశీ అధికారి విదేశంలో చేసిన దానికి ఇక్కడ దావా వేస్తే, అతడు ఇక్కడ కాపురం ఉన్నంత వరకు 19, 20 సెక్షన్లు మీకు సాయపడవచ్చు. ఆ రాజ్యాన్ని కూడా ప్రతివాదిగా చేర్చితే మాత్రం 86వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలన్నమాట.

గడప దగ్గర కూలిపోవడానికి మరొక కారణం పైవారెవరూ చెప్పలేదు: ఈ కేసు వినడానికి మాకంటే తగిన చోటు వేరే ఉందని కోర్టు అనడం. దానికి భోపాల్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. 1984 డిసెంబరు విషవాయువు తరువాత భారత ప్రభుత్వం యూనియన్ కార్బైడ్ మీద న్యూయార్క్‌లో దావా వేసి, ఇంతటి కేసును భరించే శక్తి మన న్యాయవ్యవస్థకు లేదని వాదించింది. దానికి మద్దతుగా మార్క్ గాలంటర్ అనే అమెరికన్ ఆచార్యుడు అఫిడవిట్ ఇచ్చాడు. భారతదేశపు కోర్టులు అన్ని విధాలా సమర్థమైనవని కంపెనీ తరఫున అఫిడవిట్ ఇచ్చినది మన ప్రముఖ న్యాయవాది నానీ పాల్ఖీవాలా. మన కోర్టులు చాలవని మన ప్రభుత్వమూ, భేషుగ్గా చాలునని అమెరికన్ కంపెనీ! 1986 మేలో జడ్జి కీనన్, భారతీయులకు తమ కోర్టుల్లో న్యాయం చెప్పుకొనే అవకాశం లేకుండా చేయడం మరొక రకం సామ్రాజ్యవాదమే అవుతుందని రాసి కేసును ఇక్కడికి పంపించాడు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ప్రభుత్వం మొదట కోరినది 330 కోట్లు. మీ ప్రతివాది కూడా తన దేశపు కోర్టులు చక్కగా పనిచేస్తున్నాయనే అంటాడు. అప్పుడు ఆ కోర్టుల్లో వాస్తవంగా ఏం జరిగిందో, న్యాయవాదులకు ఏ గతి పట్టిందో సాక్ష్యంతో చూపించవలసింది మీరే.

సాగరతీరం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను వాదనను చిత్రహింస ఎంత ఘోరమైనదో చెబుతూ మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ భాగాన్ని చివరకు నెట్టి, పరిధి, రక్షణ, తగిన చోటు అన్న మూడింటితో మొదలుపెడుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. అమెరికాలో డిక్రీ వచ్చిందనుకుందాం, ప్రతివాదికి ఆస్తులు హైదరాబాదులో ఉన్నాయనుకుందాం. ఆ డిక్రీని ఇక్కడ నేరుగా అమలు చేయించవచ్చా?

హైకోర్టు మెట్లు, హైదరాబాద్:

చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద కేంద్రం ప్రకటించిన దేశాల పై స్థాయి కోర్టుల డిక్రీలనే మన జిల్లా కోర్టులో నేరుగా ఈపీ (డిక్రీ అమలు కోరే పిటిషన్) వేసి అమలు చేయించవచ్చు. బ్రిటన్ ఆ జాబితాలో ఉంది, అమెరికా లేదు. అమెరికా తీర్పును ఆధారంగా చూపి ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అది కూడా మూడేళ్ళ లోపు. ఆ దావాలో ప్రతివాది 13వ సెక్షన్‌లోని మినహాయింపులన్నీ ఎత్తుతాడు: ఆ కోర్టుకు పరిధి లేదనీ, తీర్పు గుణదోషాలను విచారించి ఇచ్చినది కాదనీ, సహజ న్యాయానికి విరుద్ధమనీ. ముఖ్యంగా పెన్యాలాగా ప్రతివాది హాజరు కాకుండా ఎక్స్‌పార్టీగా వచ్చిన డిక్రీ అయితే, వాదుల సాక్ష్యాన్ని ఆ కోర్టు నిజంగా పరిశీలించిందని రికార్డు నుంచి చూపించవలసి ఉంటుంది. అందుకని దావా వేసే నాడే, ప్రతివాది రాకపోయినా సరే, సాక్షులను బోనులోకి తెచ్చి వాంగ్మూలాలు నమోదు చేయించమని అక్కడి న్యాయవాదికి చెప్పాలి.